అటక మీది పెళ్లి క్యాసెట్లు ఈ వేసవిలోనే దింపండి



దాళ్వా మాసూళ్లు అయిపోయాయి. కాలువలు కట్టేశారు. ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఫోను చూసుకోవడం తప్ప మనకి ఇప్పుడు పెద్ద పనేం లేదు. అందుకే ఈసారి ఎరువుల గురించీ కొబ్బరి ధర గురించీ రాయడం లేదు. మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో, పాత చీరల మూటలోనో పడి ఉన్న ఓ నల్ల డబ్బా గురించి రాస్తున్నాను. అదేనండి, పెళ్లి వీడియో క్యాసెట్టు.

మన కోనసీమలో 1985 నుంచి 2002, 2003 దాకా పెళ్లిళ్లు చేసుకున్న చాలామంది ఇళ్లలో ఇది ఒకటైనా ఉంటుంది. గుర్తుందా, భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా, పక్కనే హాలోజన్ లైటు పట్టుకుని ఓ కుర్రాడు, ఆ వెలుగుకి కళ్లు చికిలించుకుని పెళ్లికొడుకు. తర్వాత నెలకో రెణ్నెల్లకో క్యాసెట్టు వచ్చేది. టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి అరుగు మీద పెడితే వీధి వీధంతా కూర్చుని చూసేది. నాలుగుసార్లు చూశాక దాన్ని బీరువాలో పెట్టేశాం. ఆ తర్వాత వీసీపీ పాడైంది, పాత సామాన్ల వాడికి వేసేశాం. క్యాసెట్టు మాత్రం ఉండిపోయింది.

"ఉంది కదా, ఎక్కడికి పోతుంది" అనుకుంటున్నారు చాలామంది. నేను చెప్పేది అదే. అది ఉంది గానీ లోపల పోతోంది.

ఈ క్యాసెట్టులో ఉండేది అరంగుళం వెడల్పు ప్లాస్టిక్ రిబ్బను. మూడు గంటల క్యాసెట్టులో దాదాపు పావు కిలోమీటరు పొడవుంటుంది. దాని మీద ఇనుప తుప్పు లాంటి పొడి జిగురుతో అతికించి ఉంటుంది. బొమ్మా మాటా అంతా ఆ పొడిలోనే అయస్కాంతపు గుర్తులుగా ఉంటాయి. ఆ జిగురు గాలిలో తేమని పీల్చుకుంటుంది. పీల్చుకున్న కొద్దీ మెత్తబడి అంటుకుంటుంది, పొడి రాలుతుంది. పైన తెల్లగా బూజు పడుతుంది. ఇలాంటివి చల్లగా, పొడిగా ఉండే గదిలో, తేమ నలభై శాతం మించకుండా దాచాలట. కోనసీమలో తేమ నలభై శాతం! మన ఇళ్లలో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారిపోతుంది. అటు కాలువ, ఇటు సముద్రం, నెత్తిన కొబ్బరి తోట. విత్తనాల బస్తా రెండేళ్లు ఉంచితే మొలక ఎంత వస్తుందో మీకు తెలుసు. ఇవి ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాయి.

ఇక రెండో సంగతి. టేపు బాగానే ఉన్నా దాన్ని ఆడించే మిషను ఉండాలి కదా. వీహెచ్‌ఎస్ పద్ధతిని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. అదే జపాన్‌లో వీసీఆర్లు తయారు చేస్తున్న చివరి కంపెనీ, ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు ప్రపంచంలో ఉన్నవన్నీ పాతవే. హెడ్డు అరిగితే కొత్త హెడ్డు దొరకడం కష్టం, ఇంకో పాత మిషన్లోంచి పీకి వెయ్యాలి. యునెస్కో వాళ్లు 2019లోనే మాగ్నెటిక్ టేప్ అలర్ట్ అని ప్రపంచమంతా హెచ్చరిక పంపారు. 2025 దాటితే టేపుల్ని ఆడించడం కష్టమైపోతుంది, ఈలోగా కాపీ చేసుకోండి అని. అది పెద్ద పెద్ద లైబ్రరీల కోసం చెప్పిన మాట. వాళ్లకే కష్టమైతే మన అటక సంగతి చెప్పక్కర్లేదు. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో వీసీఆర్ బాగుచెయ్యడం తెలిసిన మెకానిక్కు ఒక్కడే మిగిలాడు. ఆయనకీ చూపు ఆనడం లేదు.

ఇదంతా చెబితే మా వాళ్లలో ఒకాయన అన్నాడు, "నా పెళ్లి నేను చూసుకుని ఏం చెయ్యాలి బావా, ఆవిడ రోజూ కనబడుతూనే ఉందిగా" అని. నవ్వుకున్నాం. కానీ ఆ క్యాసెట్టు పెళ్లికొడుకుది, పెళ్లికూతురిది అనుకోవడమే తప్పు లెక్క అని నా అభిప్రాయం. పెళ్లి చేసుకున్న వాళ్లిద్దరూ ఇంకా ఉన్నారు. లేనివాళ్లు ఎవరు? బంతిలో కూర్చుని అరిటాకు మీద నీళ్లు చల్లుకుంటున్న తాతయ్య లేడు. పందిరి గుంజకి ఆనుకుని చుట్ట కాలుస్తున్న పెద్దనాన్న లేడు. సన్నాయి ఊదిన ఆయన లేడు, డోలు వాయించినాయన లేడు. పెళ్లి ఒక ఇంటిది, ఆ క్యాసెట్టులో ఉన్నది మొత్తం ఊరు.

ఇంకో లెక్క చూడండి. సెల్‌ఫోన్లు మన చేతికి గట్టిగా వచ్చింది 2005 తర్వాత. అంతకు ముందు కాలం చేసిన మన పెద్దవాళ్లకి గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది. లంకల్లో 1986 ఆగస్టు గోదావరి వరదకి ఇళ్లు మునిగిన చాలామందికి అదీ మిగల్లేదు. నడక మాత్రం ఎవరి దగ్గరా లేదు. గొంతు లేదు. మా అమ్మ 2001లో పోయింది. మా ఇంట్లో ఆవిడ ఫొటోలు మూడున్నాయి, మూడింట్లోనూ బిగదీసుకుని నిలబడింది. ఆవిడ ఎలా మాట్లాడేదో మా పిల్లలకి తెలీదు, నేను చెబితే తెలిసేదీ కాదు.

నా పెళ్లి 1993లో. క్యాసెట్టు రెండేళ్ల కిందట పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. మూడు గంటలూ చూశాను. మా అమ్మ పదకొండు చోట్ల కనబడింది, ఒక్కచోట కూడా మాట వినబడలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో వీడియో మిక్సింగ్ అని చేసేవాళ్లు కదా. మొదటి నుంచి చివరి దాకా అసలు చప్పుడు తీసేసి సినిమా పాటలు వేసేశారు. అమ్మ నోరు కదులుతోంది, పాట వస్తోంది. అప్పుడు అది చాలా గొప్పగా ఉండేది, మనమే అడిగి మరీ వేయించుకున్నాం, ఎవర్నీ అనడానికి లేదు.

అప్పుడు తీసిన వీడియో ఆయన ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాడు. ఆయన్ని పట్టుకున్నాను. మిక్సింగు చెయ్యక ముందు తీసిన క్యాసెట్లు, వాళ్ల భాషలో రా క్యాసెట్లు, చాలావరకు మళ్లీ మళ్లీ వేరే పెళ్లిళ్లకి వాడేసేవారట. కొన్ని మాత్రం ఒక యూరియా సంచిలో కట్టి పెట్టాడు. అందులో మాది ఒకటి దొరికింది. సగం మీద వేరే ఎవరిదో గృహప్రవేశం ఎక్కి ఉంది. మిగిలిన సగంలో, భోజనాల దగ్గర, కెమెరా ఎక్కడో తిరుగుతుంటే వెనక నుంచి మా అమ్మ గొంతు: "ఏరా, చివర బంతికి మంచినీళ్లు వెళ్లాయా? అటు ఎవరూ చూట్టం లేదు." అంతే. ఆరేడు సెకన్లు. మా చెల్లెలు అది విని లేచి లోపలికి వెళ్లిపోయింది. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, మామ్మది అత్త గొంతే" అంది.

ఇది నా ఇంటి సంగతి చెప్పుకోవడానికి కాదు రాసింది. మీరు క్యాసెట్టు ఎక్కించేటప్పుడు దేనికోసం వెతకాలో చెప్పడానికి రాశాను. మీ పెళ్లి వీడియో తీసినాయన ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి రా క్యాసెట్టు ఉందేమో అడగండి. ఆయనకి అది చెత్త. రేపు ఇల్లు సున్నం వేయించేటప్పుడు పారేస్తాడు.

మన వాళ్ల ఇళ్లలో గల్ఫులో ఉన్నవాళ్లు ఉన్నారు కదా. ఆ రోజుల్లో పెళ్లికి రాలేకపోయిన వాళ్లకి కువైట్, దుబాయ్ క్యాసెట్టు కాపీ పంపేవాళ్లం. మీది పాడైపోయినా, పోయినా, వాళ్ల దగ్గర బాగా ఉండొచ్చు. అక్కడివాళ్లు ఆడియో క్యాసెట్లలో మాట్లాడి ఉత్తరాల్లాగా పంపేవారు, అవీ ఇంట్లో ఉంటే తియ్యండి. అమెరికాలో బంధువులకి పంపినవైతే ఒక చిక్కు: మనది పాల్ పద్ధతి, వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. వాళ్ల కోసం మార్పించి పంపిన కాపీ అయితే రెండూ ఆడే మిషను కావాలి.

సరే, ఎలా చెయ్యాలి? పట్నంలో స్టూడియోకి ఇస్తే చేస్తారు. మేం అడిగిన చోట క్యాసెట్టుకి 500 చెప్పారు. ఇవాళ పెళ్లికి డ్రోనుకీ ప్రీ వెడ్డింగుకీ లక్షలు పోస్తున్నాం, అయిదొందలు పెద్ద మాట కాదు. కానీ ఇచ్చేసి వచ్చెయ్యకండి. క్యాసెట్టు మూడు గంటలుంటే ఎక్కించడానికీ మూడు గంటలే పడుతుంది, తొందర చేసే దారి లేదు. "సాయంత్రానికి పది క్యాసెట్లు చేసిస్తాం" అంటే, మిషన్లు చాలా ఉంటే తప్ప, ముక్కలు కోసేస్తారని అర్థం. అడక్కుండానే బోరు కొట్టే చోట్లు తీసేస్తారు. వాళ్లకి బోరు ఏది? చదివింపుల వరస, బంతి భోజనాలు, అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు. మనక్కావలసింది సరిగ్గా అక్కడే ఉంది. మొదటి సెకను నుంచి చివరి గీతలు వచ్చేదాకా ఏదీ కొయ్యొద్దని, కొత్త పాటలు కలపొద్దని గట్టిగా చెప్పండి. ఆ పాత బొమ్మ నలుచదరంగా ఉంటుంది. ఇప్పటి వెడల్పు టీవీకి సరిపోవాలని సాగదీస్తే అందరూ పొట్టిగా లావుగా తయారవుతారు. అటూ ఇటూ నల్లగా ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

ఈ మధ్య ఇంకోటి వచ్చింది. ఏఐతో 4కె చేసిస్తాం, మొహాలు తళతళలాడతాయి అంటున్నారు. ఒకటి చూశాను. మెరుస్తోంది నిజమే, కానీ మనిషి మారిపోయాడు. టేపులో లేని కళ్లూ పళ్లూ అది ఊహించి పెడుతుంది. మీ తాతగారి మొహం కంప్యూటరు ఊహించిన మొహం అయిపోతుంది. సరదాకి చేయించుకుంటే చేయించుకోండి, అసలు కాపీ మాత్రం మసకగానే విడిగా ఉంచండి. మసకగా ఉన్నా అది ఆయనే.

ఇంట్లో చేసుకోవాలన్నా పెద్ద విద్య కాదు. పనిచేసే వీసీఆర్, లేదా వీసీపీ చాలు. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు పెట్టే చోట నుంచి చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాకి, అక్కడ నుంచి లాప్‌టాప్‌కి. ఇంజనీరింగు చదివే పిల్లలకి చూపిస్తే పావుగంటలో పట్టుకుంటారు. వీసీఆర్ అయితే ముందు ఒక పని చెయ్యండి. క్యాసెట్టు వీపు మీద, లేబులు అంటించే వైపు, ఓ మూల చిన్న ప్లాస్టిక్ చెవి ఉంటుంది. అది ఉంటే విరిచెయ్యండి. అది ఉన్నంతకాలం పొరపాటున రికార్డు బటను నొక్కితే దాని మీద ఇంకోటి ఎక్కేస్తుంది. ఆ చెవి విరవక, పెళ్లి మీద క్రికెట్ మ్యాచి ఎక్కించుకున్న ఇళ్లు మనకి తెలియనివి కావు.

ఇక బూజు. క్యాసెట్టుని వెలుతురుకి పెట్టి కిటికీలోంచి రీలు చూడండి. నల్లగా నున్నగా ఉంటే సరే. తెల్లగా దుమ్ములాగా, దారాల్లాగా కనబడితే దాన్ని మిషన్లో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ పాకుతుంది. తెగులు పట్టిన మడి నీళ్లు మంచి మడిలోకి వదలం కదా, అలాగే. వాటిని విడిగా కవరులో కట్టి, శుభ్రం చెయ్యడం తెలిసిన వాళ్లకే ఇవ్వండి. డబ్బా పగిలిందని భయపడక్కర్లేదు, అయిదు మరలు విప్పి రీళ్లు వేరే డబ్బాలోకి మార్చొచ్చు. టేపు తెగితే మామూలు సెల్లో టేపు మాత్రం వెయ్యొద్దు, దాని జిగురు హెడ్డుని పాడు చేస్తుంది. మన రైతు బుద్ధి కొద్దీ ధాన్యంలాగా ఎండలో ఆరబోద్దాం అనుకునేరు, వేడికి రిబ్బను వంకర్లు పోతుంది. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెబుతున్నారు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. కొత్త చెప్పుల పెట్టెలోనో మందుల సీసాలోనో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు నాలుగు వేసి, మూత గట్టి డబ్బాలో, పుస్తకాల్లాగా నిలబెట్టి ఉంచండి. ఎక్కించడం అయ్యాక కూడా క్యాసెట్టు పారెయ్యొద్దు. రేపు ఇంకా మంచి మిషను దొరకొచ్చు.

ఎక్కించిన ఫైలు మూడు గంటలదైతే అయిదారు జీబీ నుంచి పది జీబీ దాకా ఉంటుంది. కొన్ని పెన్‌డ్రైవులు పాత పద్ధతిలో ఉండి నాలుగు జీబీ దాటిన ఫైలు తీసుకోవు. పెన్‌డ్రైవు చెడిపోయిందనుకోకండి, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ లోకి ఫార్మాట్ చేస్తే తీసుకుంటుంది. చేసే ముందు అందులో ఉన్నవి వేరేచోట పెట్టుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిపేసి చిన్నది చేసి పంపుతుంది, అది కాపీ కింద లెక్క కాదు. ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు, హైదరాబాదులో పిల్లల దగ్గర ఒకటి, ఇంటర్నెట్లో దాచేది ఒకటి. ఊళ్లోనే రెండు పెడితే ఒకే తుఫానుకి రెండూ పోతాయి. 1996 నవంబరు 6 చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 96కి ముందు తీసిన క్యాసెట్టు మీ ఇంట్లో ఉంటే అది ఇంకా విలువైనది. పెళ్లివాళ్లని కాదు, వెనకాల చూడండి. పడిపోక ముందు తోటలు ఉన్నాయి. మా బాబాయి కూతురి పెళ్లి క్యాసెట్టులో విడిదింటి పెరట్లో కొబ్బరికాయల రాశి కనబడింది. నల్లి రాకముందు కాయ అది. ఒక్క మచ్చ లేదు, ఆ సైజు చూసి మా కుర్రాళ్లు నమ్మలేదు. ఇంకోదాంట్లో ఎవరో పనివాళ్లు గడ్డి వెంటి పేని ధాన్యం పురి కడుతున్నారు, ఊరేగింపు దాటిపోయేదాకా ఓ ఇరవై సెకన్లు. పురి కట్టడం చేత్తో వచ్చినవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు ఇద్దరున్నారు. ఇవి ఏ వ్యవసాయ శాఖ దగ్గరా ఉండవు. పెళ్లి వీడియో తీసేవాడు లైటు కుర్రాడి కోసం ఎదురుచూస్తూ కెమెరా అటు తిప్పబట్టి మిగిలాయి. (ఆ క్యాసెట్టులో పాత బోదె, గట్టు కనబడుతున్నాయి, అది చూపించి సర్వే రాయి జరిపించుకోవచ్చా అని ఒకాయన అడిగాడు. ఆ ఆశలు పెట్టుకోకండి బాబూ, ఉన్న తగాదాలు చాలు.)

చూసేటప్పుడు ఒంటరిగా చూడొద్దు. డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. ఓ నోటుబుక్కు పెట్టుకుని, ఎన్నో నిమిషంలో ఎవరు కనబడ్డారో, ఎవరి తాలూకో, ఏ ఊరో రాయండి. వాళ్లు చూస్తూ చెప్పే మాటల్ని ఫోన్లో రికార్డు చెయ్యండి. నేను కూర్చోబెట్టిన మా మేనత్త ఒక్క పూటలో నలభై మూడు పేర్లు చెప్పింది. అందులో ముప్పై నాకు తెలియవు. ఆవిడ లేకపోతే ఆ ముప్పైమందీ టీవీలో కనబడినా అనామకులే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఎక్కించగానే యూట్యూబులో, ఫేస్‌బుక్కులో పెట్టెయ్యకండి. పాటలు వేసిన క్యాసెట్టు పెడితే ఆ పాటల హక్కుదారుల పేరు మీద అభ్యంతరం వస్తుంది, అది చిన్న విషయం. అసలు విషయం వేరు. ఆ రోజు పసుపు బట్టలతో నవ్విన అమ్మాయి తర్వాత భర్త పోయి పుట్టింటికి వచ్చి ఉండొచ్చు. విడిపోయిన వాళ్లుండొచ్చు. తమ మొహం పదిమంది ఫోన్లలో తిరగడం ఇష్టంలేని ఆడవాళ్లుంటారు. ముందు వాళ్లకి చూపించి, వద్దంటే ఆపెయ్యాలి. ఊరిది అన్నాను కదా అని ఊరంతా పంచమని కాదు నా ఉద్దేశం. పోగొట్టవద్దని.

2003 తర్వాత పెళ్లిళ్ల వాళ్లు "మావి సీడీలు, డీవీడీలు, మాకేం" అనుకోకండి. ఇంట్లో రాసిన డిస్కుల మీద రంగు పూత వెలిసిపోతుంది, మన తేమకి అంచుల దగ్గర పొరలు లేస్తాయి. వెలుతురులో పెట్టి చూడండి, సూదిమొన చిల్లులు కనబడితే ఆలస్యం చెయ్యొద్దు. వాటికి గంటలు గంటలు కూర్చోవడం కూడా లేదు, పావుగంటలో కాపీ అవుతుంది.

నా సలహా ఏంటంటే ప్రతి ఇంటివాళ్లూ విడివిడిగా పట్నం తిరగడం కన్నా ఊరికి ఒక వీసీపీ బాగుచేయించుకోవడం మేలు. స్ప్రేయరు, రోటవేటరు కలిసి వాడుకున్నట్టే ఇదీను. తొలకరి పడితే ఊడ్పులు, నారుమళ్లు, ఇంక ఎవరికీ తీరిక ఉండదు, పైగా వానలకి బూజు పెరుగుతుంది. కాబట్టి కాలువలు వదిలేలోపే.

మా ఇంట్లో పాత వీసీపీ ఒకటి ఆ మెకానిక్కు చేత బాగుచేయించి పెట్టాను. మా ఊరివాళ్లూ, చుట్టుపక్కలవాళ్లూ ఎవరైనా తెచ్చుకోవచ్చు, డబ్బులేం వద్దు. పెన్‌డ్రైవు మీది, కరెంటు నాది. క్యాసెట్టు మీద మీ పేరు రాసి తెండి, బూజు పట్టినవి విడిగా కవరులో తెండి. రోజుకి రెండు కన్నా అవ్వవు, మిషను వేడెక్కిపోతోంది. పక్కన కూర్చోవలసింది మీరే కాబట్టి మధ్యాహ్నం భోజనం చేసి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే బండి మీద జాగ్రత్తగా ఎక్కించుకుని రండి. కుర్చీలు ఉన్నాయి.